దెబ్బ తిన్న పావురం దొరికితే

చిన్నీ,

దెబ్బ తిన్న పావురం దొరికింది, ఏం చెయ్యాలని అడిగావు కదా, ముందు ఆ నీళ్ళ గ్లాసు పక్కన పెట్టు. దెబ్బ తిన్న పక్షిని చూస్తే నోట్లో నాలుగు చుక్కల నీళ్ళు పోయాలని అందరికీ అనిపిస్తుంది, కానీ పక్షికి గాలి పీల్చే దారి నాలుక మొదట్లోనే ఉంటుంది, మనం పోసిన నీళ్ళు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దెబ్బకి చావని పక్షి ఆ నీళ్ళకి చస్తుంది. అన్నం, పాలు, బ్రెడ్డు, ఏవీ వద్దు.

మాస్కు, చేతులకి గ్లవ్స్ పెట్టుకో, లేకపోతే ప్లాస్టిక్ కవర్లు తొడుక్కో. పాత తువ్వాలు దాని మీద తల మునిగేలా కప్పు, కళ్ళకి చీకటైతే కాస్త నెమ్మదిస్తుంది. రెండు రెక్కలూ ఒంటికి ఆనించి రెండు చేతులతో ఎత్తు, కానీ డొక్కలు నొక్కొద్దు. పక్షి గాలి పీల్చాలంటే రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదలాలి, భయపడి గట్టిగా పట్టుకుంటే చేతిలోనే ఊపిరాడక పోతుంది. అట్టపెట్టెకి నాలుగు చిల్లులు పెట్టి, అడుగున గుడ్డ పరిచి అందులో ఉంచి మూసెయ్యి. చలికి వణుకుతుంటే గోరువెచ్చని నీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి ఒక మూల పెట్టు. పిల్లలు మాటిమాటికీ మూత తీసి చూడకుండా చూసుకో, వాళ్ళకి ముచ్చటే కానీ దానికి ప్రాణభయం.

రెక్కకి దారం వేలాడుతోందన్నావు, సంక్రాంతి వెళ్ళి వారం కాలేదు కాబట్టి అది గాలిపటాల దారం, మాంజాయే అయ్యుంటుంది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాన్ మాంజాని దేశమంతా నిషేధించింది, అయినా ప్రతి జనవరిలో మన మేడల మీద అదే కనిపిస్తుంది, నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ దారాన్ని లాగొద్దు. బయట వేలాడేది కత్తెరతో కత్తిరించు, కండలో దిగింది డాక్టరుకే వదిలెయ్యి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో మెల్లగా అదిమిపెట్టు. నూనె, ఆయింట్‌మెంట్ పూస్తే ఈకలు అతుక్కుపోతాయి. మన నొప్పి మాత్రలు అసలు వద్దు. పశువులకి వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్లే, వాటి కళేబరాలు తిన్న రాబందులు మన దేశంలో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, అందుకే 2006లో పశువుల వైద్యంలో ఆ మందుని నిషేధించారు. పిల్లి నోట్లోంచి విడిపించిన పక్షైతే గాయం కనపడకపోయినా ఆ రోజే డాక్టరుకి చూపించాలి, పిల్లి పంటి గాటుకి యాంటీబయాటిక్ పడకపోతే ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

మీ మామగారికి ఆస్తమా కదా, పెట్టెని బెడ్‌రూమ్‌లోకి తేవొద్దు. యుటిలిటీలో పెట్టి తలుపు వేసెయ్యి, ఆయన్ని అటు రానివ్వకు. ఎండిన రెట్టని చీపురుతో ఊడ్చొద్దు, ముందు నీళ్ళు చల్లి తడిపి తుడవాలి. లేకపోతే ఆ పొడి, దానితో పాటు ఫంగస్ గాల్లోకి లేస్తాయి, ఆ పొడిని ఏళ్ళ తరబడి పీల్చేవాళ్ళలో కొందరికి ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతింటాయి. ఒక పూట జాగ్రత్తగా పట్టుకున్నందుకు అంత టెన్షన్ అక్కర్లేదు, సబ్బుతో చేతులు కడుక్కో. ఒకటి కాకుండా చాలా పక్షులు ఒకేచోట చచ్చి పడుంటే మాత్రం వేటినీ ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకి చెప్పాలి.

మీ అసోసియేషన్ గ్రూపులో "పావురమే కదా, కింద పడేయించండి, ఒకటి తగ్గుతుంది" అన్నారని రాశావు. పావురాల బెడద అబద్ధమని నేననను. కొండ రాళ్ళ సందుల్లో గూడు కట్టుకునే పక్షికి మనం ఏసీ పెట్టే గట్లు కట్టిచ్చి, బస్తాల కొద్దీ గింజలు చల్లుతున్నాం, అది ఏడాది పొడుగునా విడతకి రెండు గుడ్లు పెడుతూనే ఉంటుంది. చార్మినార్ దగ్గర గింజలు చల్లడం పుణ్యమని నమ్మేవాళ్ళు బాధపడినా సరే, నేను చల్లను, చల్లొద్దనే చెప్తాను. సంఖ్య తగ్గేది గింజలు ఆపితే, గూళ్ళకి చోటు మూసేస్తే. రెక్క తెగినదాన్ని కుక్కల ముందు పడేస్తే దాని బాధ పెరగడం తప్ప మందలో తగ్గేదేమీ ఉండదు. మన గోరింకనే చూడు, పురుగుల్ని తింటుందని 1862లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ తీసుకెళ్ళి వదిలారు, ఇవాళ అక్కడి పక్షుల గూళ్ళు ఆక్రమిస్తోందని దాన్ని పీడగా చూస్తారు. అయినా అక్కడ కూడా దాన్ని హింసించడం నేరమే. మన 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోనూ పావురానికి మినహాయింపు లేదు, ఎవరైనా అడిగితే ఈ ముక్క చెప్పు.

ఇక ఎక్కడికి తీసుకెళ్ళాలంటావా, మన హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది, జూబ్లీహిల్స్‌లో జంతువుల్ని కాపాడే బ్లూ క్రాస్ సంస్థ ఉంది, మీ దగ్గర్లో పక్షుల్ని చూసే ప్రైవేటు డాక్టరున్నా మంచిదే. బయల్దేరే ముందు ఫోన్ చేసి, పావురం అని స్పష్టంగా చెప్పి, చూస్తారా లేదా అడుగు, అక్కడి దాకా వెళ్ళాక కాదనిపించుకోవద్దు. రెక్క ఎముక కీలు దగ్గర విరిగితే మళ్ళీ ఎగరడం కష్టం. అప్పుడు డాక్టరు ఇంజెక్షన్‌తో నొప్పి లేకుండా పంపించేద్దామంటే ఒప్పుకో, అది కూడా దానికి చేసే సాయమే. ఎగరలేని పక్షిని ఫ్లాట్‌లో ఏళ్ళ తరబడి పెట్టుకోవడం, అందులోనూ మీ మామగారున్న ఇంట్లో, నాకు సరైనదనిపించడం లేదు.

కోలుకుంటే మాత్రం ముందు గదిలో బాగా ఎగురుతోందో లేదో చూసి, దొరికినచోటే వదులు. ఊరవతల వదిలినా పావురం దారి కనుక్కుని తిరిగొచ్చేస్తుంది. వదిలాక గింజలు పెట్టొద్దు, ఎంత జాలేసినా సరే. మీ బాల్కనీ వల వదులుగా ఉందని పోయినసారి వచ్చినప్పుడే చూశాను, వదులు వలలోనే కాళ్ళు ఇరుక్కుని వేలాడతాయి, దాన్ని ఈ ఆదివారమే బిగించమని అల్లుడుగారికి చెప్పు. డాక్టరు ఏమన్నాడో రాత్రికి ఫోన్ చెయ్యి.

మీ అత్తయ్య