ముహూర్తాల్లేని నెలల్లోనూ డ్రోన్ కిస్తీ కట్టగలరా?

ప్రశ్న: నరసన్నపేటలో పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తుంటాను. డ్రోన్ అడిగినప్పుడల్లా బయటి ఆపరేటర్‌కి పెళ్లికి 5,000 ఇచ్చి పిలుస్తున్నాను. నిరుడు అలాంటివి 16 వచ్చాయి. 249 గ్రాముల డ్రోన్, మూడు బ్యాటరీల సెట్టు బిల్లుతో 1,10,000 చెబుతున్నారు. 14 శాతం వడ్డీకి రెండేళ్ల పర్సనల్ లోన్ వస్తుంది. దుబాయ్‌లో ఉన్న మా బావ 80,000కే తెస్తానంటున్నాడు. చేతిలో 60,000 ఉన్నాయి, ఇంటి ఖర్చు నెలకు 20,000. ఏం చెయ్యమంటారు?

జవాబు: బావగారికి ఇప్పుడే వద్దని చెప్పెయ్యండి. విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే 80,000 మొత్తం పోయినట్టే. దాటి వచ్చినా ఇక్కడి బిల్లుండదు. బిల్లు లేని వస్తువు మీద వ్యాపార రుణం రావడం కష్టం, బీమా దొరకదు, వారంటీ చెల్లదు. ఇక్కడ కొనేటప్పుడు కూడా బిల్లులో పన్ను చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి డ్రోన్లకు జీఎస్టీ 5 శాతమే.

ఇక లోన్ సంగతి. 1,10,000కి కిస్తీ నెలకు సుమారు 5,280, రెండేళ్లలో వడ్డీ 16,700 పైమాటే. సొంత డ్రోనుంటే మీకు మిగిలేది 16 పెళ్లిళ్లకు 80,000. అందులోంచి బ్యాటరీలకు నెలకు 1,000, రిపేర్లకు 1,000 తీసిపెట్టాలి. మిగిలేది ఏడాదికి 56,000. మెమరీ కార్డులు, అదనపు రెక్కలు, ల్యాండింగ్ ప్యాడ్ కలిపి పెట్టుబడి 1,20,000 అనుకుంటే వడ్డీ లెక్కెయ్యకుండానే తిరిగి రావడానికి రెండేళ్లు దాటుతుంది. 24 పెళ్లిళ్లు వస్తే పదిహేను నెలల్లో వచ్చేస్తుంది. అన్నిటికన్నా నన్ను భయపెడుతున్నది ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో వచ్చే మూఢం. ఆ నెలల్లో పెళ్లిళ్లుండవు, కిస్తీ మాత్రం తేదీకి వచ్చేస్తుంది. చేతిలో ఉన్న 60,000 మూడు నెలల ఇంటి ఖర్చు. దాన్ని డ్రోన్‌లో పెట్టకండి.

నా మాట వింటే ఈ ఏడాది అద్దెకే పిలవండి. అదే 5,300 నెలనెలా ఆర్‌డీలో వెయ్యండి. 6.5 శాతం వడ్డీ వచ్చినా ఏడాదికి 65,800 చేతికొస్తాయి. ఆషాఢంలో కూడా ఆ డబ్బు తప్పకుండా కట్టగలిగితే కిస్తీ కూడా కట్టగలరు. అప్పుడు 1,20,000లో మిగతా 50,000కి తనఖా లేకుండా ముద్ర (చిన్న వ్యాపారాలకు కేంద్రం పథకం) శిశు రుణం అడగండి, దాని పరిమితి అంతే. తక్కువ పడే నాలుగు వేలు పొదుపులోంచి తీసినా ఇబ్బంది లేదు.

250 గ్రాముల లోపుంటే నిబంధనల ప్రకారం అది నానో తరగతి డ్రోన్. పెళ్లిళ్లకు తిప్పినా పైలట్ సర్టిఫికెట్, థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి కాదు. పౌర విమానయాన సంస్థ డీజీసీఏ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ మాత్రం ఉండాలి. అయితే ఎక్కువసేపు ఎగురుతుందని పెద్ద బ్యాటరీ వేసినా, రెక్కలకు గార్డు బిగించినా బరువు 250 దాటి పై తరగతి, అంటే మైక్రో, అయిపోతుంది. అప్పుడు సర్టిఫికెట్, బీమా రెండూ కావాలి, శిక్షణ ఫీజు మీ లెక్కంతా తారుమారు చేస్తుంది. భోగాపురం విమానాశ్రయం వైపు పెళ్లి ఒప్పుకునే ముందు, డ్రోన్ ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాప్‌లో జోన్ చూడండి. ఆ నిబంధనలు నానోకీ వర్తిస్తాయి.

రిపేరు డబ్బు ఎక్కువగా పోయేది గింబల్‌కే, అంటే కెమెరా కదలకుండా పట్టి ఉంచే భాగానికే. కళింగపట్నం తీరంలో ఇసుక మీంచి లేపితే రెక్కల గాలికి ఇసుక రేగి మోటార్లలోకి, గింబల్ సందుల్లోకి పోతుంది. ప్యాడ్ లేకపోతే కారు మ్యాట్ పరచండి. మధ్యాహ్నం సముద్రం నుంచి గాలి వీస్తుంది కాబట్టి ముందు గాలికి ఎదురుగా పంపండి. గాలివాటున వెళ్లిన డ్రోన్ తిరిగొచ్చేటప్పుడే బ్యాటరీ అయిపోతుంది. షామియానా ఇనుప రాడ్ల దగ్గర లేపితే దిక్సూచి తప్పుతుంది, బయటికి వచ్చి హోమ్ పాయింట్ (డ్రోన్ తిరిగి రావాల్సిన చోటు) నమోదయ్యాకే లేపండి.

మూఢంలో బ్యాటరీలను పూర్తి చార్జింగ్‌తో దాచొద్దు, సగం దగ్గర ఉంచండి. బ్యాటరీని డ్రోన్‌లో పెట్టేటప్పుడు క్లిక్‌మని కూర్చోకుండా పైకి తేలుతుంటే ఉబ్బిందని అర్థం. దాన్ని ఇక ఎగరెయ్యకండి.