తడిగా దాచేస్తే కడిగినట్టు కాదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సెక్స్ టాయ్స్ శుభ్రత గురించి అడిగినవి చాలా ఉన్నాయి. దాదాపు అందరూ "ఇలా అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి" అనే మొదలుపెట్టారు. అనుకోవడానికి ఇందులో ఏమీ లేదు. శరీరం లోపల తగిలే వస్తువును ఎలా కడగాలని అడగడం బాధ్యత గల పని. అడగకుండా ఊరుకున్నవాళ్లకే ఎక్కువ ఇబ్బందులు వస్తాయి. ఉత్తరాలన్నీ చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే, చాలామందికి అసలు సమస్య కడగడం తెలియకపోవడం కాదు, ఎవరైనా చూస్తారన్న భయంతో హడావిడిగా కడిగి తడి ఆరకుండానే దాచేయడం.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఏడాదిగా వైబ్రేటర్ వాడుతున్నాను. వాడగానే తడిగుడ్డతో తుడిచి, ఎవరికీ కనబడకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి బట్టల అడుగున పెట్టేస్తాను. ఈమధ్య దురద, తెల్లబట్ట ఎక్కువయ్యాయి. దానివల్లేనా డాక్టర్ గారూ?

కావచ్చు, కాకపోవచ్చు కూడా. షుగర్ ఉన్నా, ఈమధ్య యాంటీబయాటిక్స్ వాడినా ఇలాగే అవుతుంది. పెరుగు తరకల్లా తెల్లగా వస్తూ దురద పెడితే సాధారణంగా ఫంగస్, పల్చగా బూడిద రంగులో చేపల వాసనతో వస్తే బ్యాక్టీరియా వల్ల వచ్చే సమస్య. రెండింటికీ మందులు వేరు. అందుకే మందుల షాపులో అడిగి ఏదో ఒక బిళ్ల వేసుకోకండి, గైనకాలజిస్టుకు చూపించుకోండి. వైబ్రేటర్ వాడుతున్న సంగతి కూడా చెప్పండి, వాళ్లకు అది కొత్త కాదు. తగ్గేవరకు వాడటం ఆపేయండి.

ఇక మీరు చేస్తున్న పద్ధతి మాత్రం మార్చాల్సిందే. తడిగుడ్డతో తుడిస్తే పైన జిగురు కాస్త పోతుందేమో గానీ, అతుకుల్లో, బటన్ల చుట్టూ, గీతల్లో ఉన్నది అలాగే ఉంటుంది. దాన్ని గాలి ఆడని కవర్లో చుట్టి పెడితే తేమా, చీకటీ, మురికీ మూడూ ఒకచోట చేరాయి కదా, ఫంగస్ పెరగడానికి ఇంకేం కావాలి?

వాడిన వెంటనే, ఆరి గట్టిపడకముందే కడగండి. ముందు మీ చేతులు కడుక్కోండి. స్విచ్ ఆపి, బ్యాటరీలు వేసేదైతే తీసేయండి. గోరువెచ్చని నీళ్లు, వాసన లేని తేలికపాటి సబ్బు చాలు, ప్రత్యేకంగా అమ్మే స్ప్రేలు కొనాల్సిన అవసరం లేదు. వేళ్లతో మొత్తం రుద్దండి, అతుకుల దగ్గర మెత్తటి బ్రష్ వాడండి, ఆ బ్రష్‌ను మరి దేనికీ వాడకండి. తర్వాత సబ్బు పూర్తిగా పోయేలా కడగాలి, ఎందుకంటే మిగిలిపోయిన సబ్బే తర్వాతిసారి మంట పెడుతుంది. నూగు రాలని శుభ్రమైన గుడ్డతో తుడిచి, గాలికి పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు నూలు సంచిలో పెట్టండి. ఎవరి కంటా పడకూడదనుకుంటే ఆ సంచిని తాళం వేసే పెట్టెలో పెట్టుకోండి. ఆరడానికి గంట పట్టినా సరే, ఆ గంట కుదరని రోజున వాడకపోవడమే మేలు.

కడిగేముందు పెట్టె మీద రాసింది చూడండి. ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు మునిగినా తట్టుకుంటుందని అర్థం. ఐపీఎక్స్4 అయితే నీటి చుక్కలు పడినా ఫర్వాలేదు గానీ ముంచకూడదు. ఏమీ రాయకపోతే మోటారు ఉన్న భాగాన్ని, చార్జింగ్ రంధ్రాన్ని తడపకుండా మిగతాది సబ్బు గుడ్డతో రుద్ది, నీళ్లలో పిండిన గుడ్డతో రెండు మూడుసార్లు తుడవండి. చార్జింగ్ రంధ్రంలో తడి ఉండగా ఎప్పుడూ చార్జింగ్ పెట్టొద్దు.

ప్రశ్న: మరిగే నీళ్లలో వేస్తే క్రిములన్నీ చచ్చిపోతాయి కదా, అలా చేయొచ్చా? నా దగ్గర మూడు రకాలున్నాయి, ఒకటి గాజుది, ఒకటి సిలికాన్‌ది, ఒకటి చర్మంలా మెత్తగా సాగేది.

ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషం, ఎందుకంటే శుభ్రత మొత్తం అది దేనితో తయారైందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. వస్తువులు రెండు రకాలు, సన్నని రంధ్రాలు లేనివి, ఉన్నవి. సిలికాన్, గాజు, స్టెయిన్‌లెస్ స్టీల్, గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్ మొదటి రకం. మురికి పైనే ఉంటుంది కాబట్టి కడిగితే పోతుంది. మీరు చెప్పిన మెత్తగా సాగేది బహుశా టీపీఈ అనే రబ్బరు లాంటి మెత్తని ప్లాస్టిక్ అయి ఉంటుంది, జెల్లీలా మెరిసే రబ్బరు టాయ్స్ కూడా ఈ కోవలోవే. వీటికి కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి, వాటిలోకి దిగిన క్రిములు ఎంత కడిగినా పూర్తిగా పోవు. మరిగిద్దామంటే కరిగి రూపం మారిపోతాయి. అందుకని వాటికి ప్రతిసారీ కొత్త కండోమ్ తొడగడం ఒక్కటే దారి.

మోటారు లేని సిలికాన్ టాయ్‌ని 5 నుంచి 10 నిమిషాలు మరిగించవచ్చు. గిన్నె అడుగుకు తగలకుండా కింద ఒక గుడ్డ వేయండి. మోటారు, బ్యాటరీ ఉన్నవాటిని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మరిగించొద్దు. గాజుది బోరోసిలికేట్ గాజైతే వేడిని తట్టుకుంటుంది, కానీ చల్లటి దాన్ని ఒక్కసారిగా మరిగే నీళ్లలో వేయకూడదు, మరిగిన దాని మీద చల్లనీళ్లు పోయకూడదు. ప్రతిసారీ వాడేముందు గాజును వెలుతురులో పట్టుకుని, వేలితో తడిమి చూడండి. వెంట్రుకంత పగులు ఉన్నా పారేయండి, ఈ విషయంలో మొహమాటం వద్దు.

ముందు కడిగి తర్వాతే మరిగించాలి. మురికి అంటుకుని ఉండగా మరిగిస్తే అది అక్కడే గట్టిపడుతుంది.

మరిగించడం ప్రతిసారీ అవసరమా అంటే, మీ ఒక్కరే వాడుకునేదైతే, ఒకే చోట వాడేదైతే, సబ్బు నీళ్లు సరిపోతాయి. ఇన్‌ఫెక్షన్ తగ్గాక, వేరొకరు వాడేముందు, మలద్వారంలో వాడాక, మరిగించగల రకమైతే మరిగించండి.

ప్రశ్న: మా ఆయనా నేనూ ఒకే టాయ్ ఇద్దరం వాడతాం. భార్యాభర్తలమే కదా, మధ్యలో కడగాలా?

కడగాలి. లేదా ఒకరి నుంచి ఇంకొకరికి మారే ముందు కండోమ్ మార్చాలి, ఆ సమయంలో లేచి వెళ్లి కడగడం కంటే అదే తేలిక. పెళ్లయిందా లేదా అన్నది వైరస్‌లకు తెలియదు. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ గురించి 2014లో ఒక చిన్న పరిశోధన వచ్చింది. అందులో కొన్ని వైబ్రేటర్ల మీద కడిగిన 24 గంటల తర్వాత కూడా ఆ వైరస్ ఆనవాళ్లు కనిపించాయి, సిలికాన్ కంటే మెత్తని రబ్బరు రకాల మీద ఎక్కువగా. అందుకే పంచుకునేటప్పుడు కడగడం ఒక్కదాన్నే నమ్ముకోవద్దని చెబుతున్నాను, కండోమ్ కూడా వాడండి.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ చెప్పాలి. మలద్వారంలో పెట్టినదాన్ని అలాగే యోనిలో పెట్టకూడదు. పేగుల్లో ఉండే ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా అక్కడ ఉన్నంతకాలం హాని చేయదు, ముందుకు వస్తే మాత్రం మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్ మొదలవుతాయి. రెండింటికీ వేర్వేరు టాయ్స్ ఉంచుకోండి, రంగు తేడా ఉంటే గుర్తుపట్టడం సులువు.

ప్రశ్న: మగవాళ్లు అంగానికి తొడిగి వాడే మెత్తని గొట్టం లాంటి స్లీవ్ నాది. లోపల వాసన వస్తోంది, చిన్న చిన్న నల్ల చుక్కలు కూడా కనిపిస్తున్నాయి. బాగా ఖరీదు పెట్టి కొన్నాను. ఎలా శుభ్రం చేయాలి?

తమ్ముడూ, అది పారేయాలి. ఆ నల్ల చుక్కలు బూజు. పైన తుడిస్తే కనబడకుండా పోతుందేమో గానీ లోపల ఉంటుంది. డబ్బు పోయిందని బాధగానే ఉంటుంది, కానీ చర్మం మీద ఫంగస్ పట్టించుకుని నెలల తరబడి మందులు రాసుకోవడం అంతకంటే ఖరీదు.

కొత్తది కొంటే, వాడగానే లోపల గోరువెచ్చని నీళ్లు ధారగా పోయండి, లోపలి వైపు బయటికి తిరగేయడానికి వీలైతే తిరగేసి సబ్బుతో కడగండి. వీటికి ఆరడమే అసలు కష్టం. నూగు రాలని గుడ్డను చుట్టి లోపల పెట్టి తడి పీల్చనిచ్చి, తర్వాత రెండు వైపులా గాలి తగిలేలా నిలబెట్టండి. పూర్తిగా ఆరాక జిగటగా అనిపిస్తే కొంచెం కార్న్‌ఫ్లోర్ (తెల్లటి మెత్తని మొక్కజొన్న గంజి పిండి) రాయొచ్చు, టాల్కం పౌడర్ మాత్రం వద్దు. వాడేముందు ఆ పిండిని కడిగేయండి. హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి పెట్టకండి, మెత్తబడి చిరుగుతుంది.

ప్రశ్న: యాంటిసెప్టిక్ ద్రావణంలో నానబెడితే ఇంకా మంచిది కదా? హ్యాండ్ శానిటైజర్ రాసినా చాలదా?

రెండూ వద్దు. యోనిలో సహజంగా ఆమ్ల గుణం ఉంటుంది, పీహెచ్ 3.8 నుంచి 4.5 వరకు. మేలు చేసే బ్యాక్టీరియాను కాపాడేది అదే. ఘాటైన ద్రావణాలు, సెంట్లు ఉన్న జెల్‌లు టాయ్ మీద కొద్దిగా మిగిలినా ఆ సున్నితమైన పొర మండుతుంది. టాయ్‌నే కాదు, యోని లోపల కూడా సబ్బుతో, ద్రావణాలతో కడగొద్దు.

ప్రశ్న: నా సిలికాన్ టాయ్ పైన జిగటగా, గరుకుగా తయారైంది. కడుగుతూనే ఉన్నాను.

మీరు వాడే లూబ్రికెంట్ (జారడానికి రాసుకునే జెల్) చూడండి. సిలికాన్‌తో తయారైన లూబ్రికెంట్ సిలికాన్ టాయ్ పైపొరను పాడుచేయగలదు. నీటి ఆధారిత లూబ్రికెంట్ అయితే ఏ టాయ్‌కైనా సరిపోతుంది, కడిగితే సులువుగా పోతుంది. నూనెలు వద్దు, అవి లేటెక్స్ కండోమ్‌ను బలహీనపరచి చిరిగిపోయేలా చేస్తాయి. రెండు మెత్తని టాయ్స్‌ను ఒకే సంచిలో ఆనించి పెట్టినా ఒకదానికొకటి అంటుకుపోయి ఇలాగే అవుతాయి. మీది ఇప్పటికే గరుకు తేలింది కాబట్టి ఇక వాడకండి, ఆ గరుకులో మురికి నిలుస్తుంది, పైగా లోపల గీరుకుంటుంది. పారేసేటప్పుడు బ్యాటరీ ఉంటే మామూలు చెత్తలో వేయకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. బ్యాటరీ బయటికి రానిదైతే విప్పడానికి ప్రయత్నించకుండా మొత్తం అలాగే ఇచ్చేయండి.