కుక్కతో రేగెన్స్‌బుర్గ్ వెళ్తున్నావా, ఎవరైనా పలకరిస్తే లీషు లాగెయ్యకమ్మా

అమ్మా, మ్యూనిక్ వచ్చి ఆరు నెలలైంది, విజయవాడ నుంచి మా కుక్కని కూడా తెచ్చుకున్నాం, శనివారం రేగెన్స్‌బుర్గ్ తీసుకెళ్తే ఎవరైనా ఏమైనా అంటారా అని అడిగావు కదా. శుభ్రంగా తీసుకెళ్ళు. చిప్పు, రేబిస్ ఇంజెక్షను, రక్తపరీక్ష, ఆ తర్వాత మూడు నెలలు ఆగడం, ఇవన్నీ దాటుకుని దాన్ని ఇక్కడిదాకా తెచ్చినదానివి, ఇక ఒక్క రోజు ట్రిప్పు నీకో లెక్కా. రైల్లో బుట్టలో పట్టే చిన్న కుక్కకి టికెట్ అక్కర్లేదు, పెద్దదైతే దానికీ కొనాలి, లీషు, మూతికి మజిల్ ఉండాలి, మిగతా రూల్సు రైల్వే సైట్లో ఉంటాయి చూసుకో. మేము అది కూడా చూసుకోకుండా ఎక్కేసి మొదటిసారే ఫైన్ కట్టాం. పోనీలే, డబ్బు పోతే మళ్ళీ వస్తుంది. నేను చెప్పాలనుకున్నది వేరే.

మేము 2012లో వచ్చాం. మాది రాజమండ్రి, గోదావరి గట్టుకి రెండు వీధుల అవతల ఇల్లు, పొద్దున్న తీసిన వీధి తలుపు రాత్రి పడుకునేటప్పుడే వేసేవాళ్ళం, మధ్యలో ఎంతమంది వచ్చి ఎంతమంది వెళ్ళేవాళ్ళో లెక్కుండేది కాదు. అలాంటిది ఇక్కడ మా ఆయన ఆఫీసుకి వెళ్ళాక సాయంత్రం ఆరింటిదాకా ఒక్క మాట మాట్లాడే అవసరమే రాని రోజులు గడిపాను. ఆదివారమైతే షాపులు కూడా తియ్యరు, కనీసం బిల్లు కౌంటర్ దగ్గర హలో చెప్పడానికి కూడా మనిషి దొరకదు. మీకిప్పుడు వీడియో కాల్స్, తెలుగు గ్రూపులు, పండగలకి హాలు బుక్ చేసుకోవడాలు ఉన్నాయి, అందుకని ఇది పెద్ద విషయంలా అనిపించకపోవచ్చు, కానీ ఒక్క చలికాలం గడవనీ, నేనేం చెప్తున్నానో నీకే తెలుస్తుంది. రెండో ఏడు టియర్‌హైమ్ నుంచి, అంటే దిక్కులేని కుక్కల్ని ఉంచే చోటు నుంచి, చిట్టిగాణ్ణి తెచ్చుకున్నాం. ఆ వేసవిలోనే వాడితో మొదటిసారి రేగెన్స్‌బుర్గ్ వెళ్ళాం.

ఆ ఊరికి ప్రాణం డాన్యూబ్ నది మీదున్న పాత రాతి వంతెన. 1135లో మొదలుపెట్టి 11 ఏళ్ళలో కట్టేశారట, అంటే దాదాపు 900 ఏళ్ళ నాటిది. 1997 నుంచి కార్లు, 2008 నుంచి బస్సులు కూడా ఆపేశారు కాబట్టి కుక్కతో నడవడానికి అంత హాయైన వంతెన నేనింకోటి చూళ్ళేదు. వంతెనకీ కుక్కకీ ఒక కథ కూడా ఉంది, వెళ్ళేముందు తెలుసుకుని వెళ్ళు. వంతెన కట్టేవాడు, చర్చి కట్టేవాడు ఎవరు ముందు పూర్తిచేస్తారో అని పందెం వేసుకున్నారట, వంతెనవాడు వెనకబడి సైతాను సాయం అడిగితే, ముందుగా వంతెన దాటే మూడు ప్రాణాలు నావి అన్నాడట సైతాను, పని అయ్యాక వీడు మనుషుల్ని పంపకుండా ఒక కోడిపుంజుని, పెట్టని, ఒక కుక్కని దాటించాడట. నిజానికి ఇప్పుడున్న పెద్ద చర్చి మొదలైందే వంతెన అయిపోయి నూరేళ్ళు దాటాక, కానీ అక్కడివాళ్ళు ఇష్టంగా చెప్పుకునే కథ అదే.

ఆ వంతెన మధ్యలోనే నేను చేసిన తప్పు. ఒక పెద్దాయన, డెబ్భై పైనే ఉంటాయి, ఎదురొచ్చి ఆగి చిట్టిగాడి వైపు చెయ్యి చాపుతూ ఏదో అన్నాడు. నాకు భాష రాదు, కుక్క అడ్డమొచ్చిందని కోప్పడుతున్నాడనుకుని సారీ సారీ అంటూ లీషు లాగి వాణ్ణి నా కాళ్ళ వెనక్కి తెచ్చేసుకున్నాను, ఆయన చెయ్యి అలాగే కాసేపు గాల్లో ఉండిపోయింది, తర్వాత టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. డార్ఫ్ ఇష్ ఇన్ ష్ట్రైషెల్న్, అంటే ఒకసారి నిమరొచ్చా అని అడిగాడన్నమాట. అది నాకు ఏడాదిన్నర తర్వాత జర్మన్ క్లాసులో తెలిసింది. ఆ ఏడాదిన్నరలో అలా ఎంతమందిని తోసిపుచ్చానో, ఇంటికొచ్చి ఇక్కడ ఎవరూ మాట్లాడరు అని అమ్మకి ఫోన్లో ఎన్నిసార్లు చెప్పానో. వాళ్ళు మాట్లాడుతూనే ఉన్నారు.

అందుకే చెప్తున్నా, ఎవరైనా అలా అడిగితే యా, గెర్నె, అంటే ఓ తప్పకుండా, అను చాలు, నీ కుక్క భయపడే రకమైతే నైన్, ఎర్ హాట్ ఆంగ్స్ట్, అంటే వద్దు, వాడికి భయం అని నవ్వుతూ చెప్పు, ఎవరూ ఏమీ అనుకోరు.

రెండో తప్పు నది దగ్గర. వంతెన కింద యాన్‌ఇన్‌జెల్ అని పచ్చగడ్డి లంక ఉంది, వేసవిలో ఊరంతా అక్కడే పడుకుంటారు. గోదావరిలో ఈతకొట్టి పెరిగినదాన్ని, నాకు నది గురించి ఎవరూ చెప్పక్కర్లేదనుకుని, మూడోసారి వెళ్ళినప్పుడు చిట్టిగాణ్ణి నీళ్ళలోకి వదిలాను, పొడుగు లీషు చేతికి చుట్టుకున్నా కాబట్టి సరిపోయింది. వంతెన కాళ్ళు చాలా లావు, నది వాటి మధ్య ఇరుకుగా దూరి అవతల సుడులు తిరుగుతుంది, పైకి చూస్తే నున్నగా కనిపిస్తుంది. వాడు నాలుగడుగులు వేశాడో లేదో పక్కకి కొట్టుకుపోయాడు, లీషు బిగిసి నా అరచేతిలో తోలు లేచిపోయింది, కేక కూడా రాలేదు నాకు. వెనకనుంచి ఒకావిడ వచ్చి లీషు నాతో పాటు పట్టుకుని లాగింది. వాడు ఒడ్డుకొచ్చి ఒళ్ళు దులుపుకుని ఇద్దర్నీ తడిపేశాడు. ఆవిడ తన ఫ్లాస్కులో నీళ్ళతో నా చెయ్యి కడిగి, స్కార్ఫు చుట్టి, బల్ల మీద కూర్చోబెట్టింది. అప్పటికి నాకు వచ్చిన జర్మన్ ఓ రెండొందల ముక్కలు, ఆ రెండొందల ముక్కలతోనే గంటన్నర మాట్లాడుకున్నాం. ఈ దేశంలో ఆఫీసు పని కాకుండా, ఏదో కొనడానికి కాకుండా నేను మనిషితో కూర్చుని మాట్లాడింది అదే మొదలు. కాబట్టి నీ కుక్కని ఆ నీళ్ళలోకి దింపకు, ఒడ్డున కూర్చోబెట్టు, ఎవరో ఒకరు వస్తారు.

మిగతావి గబగబా చెప్పేస్తా. పెద్ద చర్చిలోకి, పాత టౌన్‌హాల్ లోపలికి కుక్కతో ఆశ పెట్టుకోకు. ఒకళ్ళు లోపలికెళ్తే ఒకళ్ళు బయట కుక్కతో ఉండండి, దాన్ని మాత్రం ఒంటరిగా కట్టేసి పోవద్దు. టౌన్‌హాల్లో 1663 నుంచి 1806 దాకా పవిత్ర రోమన్ సామ్రాజ్యం సభ జరిగింది, చూడాల్సిందే, కానీ నన్నడిగితే బయట ఉన్నవాళ్ళే అదృష్టవంతులు, ఆ అరగంటలో కనీసం ముగ్గురు పలకరిస్తారు. వంతెన పక్కన పాత సాసేజ్‌ల కొట్టుంది, వుర్స్ట్‌కుఖ్ల్ అంటారు, బొగ్గుల మీద కాల్చేది పోర్కే, తినకపోతే బ్రెడ్డు, క్యాబేజీతో సరిపెట్టుకో, నీ కుక్క మాత్రం అక్కణ్ణుంచి కదలదు. వంతెన దాటితే స్టాట్‌అమ్‌హోఫ్, రంగురంగుల ఇళ్ళు, అక్కడ కాస్త జనం తక్కువ. ఊరి బయట గుట్ట మీద వాల్హల్లా అని గుడిలాంటి కట్టడం ఉంది, 358 మెట్లు, అదే రోజు పెట్టుకోకు. కుక్కలంటే ఆ ఊరికి ఎంత ప్రేమో తెలియాలంటే 2024 సెప్టెంబర్‌లో 897 డాకెల్ కుక్కలు, అదే పొట్టికాళ్ళ డాక్స్‌హుండ్‌లు, ఒక్కసారి నడిచి గిన్నిస్ రికార్డు కొట్టాయి అక్కడ. వాటికో మ్యూజియం కూడా ఉంది.

చిట్టిగాడు రెండేళ్ళ క్రితం పోయాడు. ఇక్కడ ఏ గుడికెళ్ళినా ఏ సంఘంలో చేరినా దొరకని మనుషుల్ని వాడు సంపాదించిపెట్టి పోయాడు, ఈరోజు రేగెన్స్‌బుర్గ్‌లో రెండిళ్ళకి నేను ఫోన్ చెయ్యకుండా వెళ్ళగలను, జర్మనీలో ఆ మాట చెప్పగలిగిన తెలుగువాళ్ళు ఎంతమందో నాకు తెలీదు. ఆ రోజు లీషు పట్టుకున్నావిడకి ఇప్పుడు 80 దాటాయి, ఎండ కాస్తే శనివారాలు మధ్యాహ్నం ఆ లంకలో నీళ్ళవైపు బల్ల మీదే ఉంటుంది. ఆవిడ కుక్కని చూడగానే ముందు దాని పేరు అడుగుతుంది, నీ పేరు తర్వాత. దాని పేరేంటో, మన భాషలో దానర్థం ఏంటో జర్మన్‌లో చెప్పడం నేర్చుకుని వెళ్ళు.