హెల్ఫ్టా మఠం గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. 13వ శతాబ్దంలో జర్మనీలోని హెల్ఫ్టా అనే క్రైస్తవ సన్యాసినుల మఠంలో ఉన్న ముగ్గురు భక్తురాళ్లనూ "దివ్యదర్శనాలు పొందిన మహనీయులు" అని ఒక్క వాక్యంలో చుట్టేశావు. ఆ దర్శనాలు ఎలా కలిగాయో నువ్వూ నేనూ చెప్పలేం. అవి అక్షరాల్లోకి ఎలా వచ్చాయో చెప్పగలం. అది రాయి.

మాగ్డెబర్గ్ మెఖ్టిల్డ్‌నే తీసుకో. చాలాకాలం ఆమె మఠకన్య కాదు, బెగైన్. అంటే మఠం ప్రమాణాలు చేయకుండానే ప్రార్థనలో, సేవలో బతికే స్త్రీ. 1250 ప్రాంతంలో రాయడం మొదలుపెట్టింది. తనకు లాటిన్ రాదని, జర్మన్ చాలడం లేదని ఆమే చెప్పుకుంది. ఆమె పుస్తకాన్ని కాల్చేస్తారని కొందరు భయపెట్టారు కూడా. అయినా తన ప్రాంతపు జర్మన్‌లోనే రాసింది. 1270 ప్రాంతంలో, ముసలితనంలో హెల్ఫ్టా చేరింది. చూపు పోయాక తన పుస్తకంలోని ఏడో భాగాన్ని ఆమె చెబుతుంటే అక్కడి సిస్టర్లు రాశారు. ఇతరుల కళ్లతో, ఇతరుల చేతులతో తనకు సేవ చేస్తున్నందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంది. ఆ చోట నేను ఎప్పుడూ ఆగిపోతాను.

ఆ సిస్టర్లు లాటిన్ బాగా చదువుకున్నవాళ్లు. నలభై ఏళ్లు మఠాన్ని నడిపిన హాకెబోర్న్ గెర్ట్రూడ్ చదువు విషయంలో అంత పట్టుదల గల మనిషి. అయినా సిస్టర్లు ముసలి మెఖ్టిల్డ్ మాటను ఆమె జర్మన్‌లోనే ఉంచారు. చిన్నప్పుడు మా వీధిలో చదువురాని పెద్దవాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేదాన్ని. వాళ్ల మాటల్ని నా బడి తెలుగులోకి మార్చేసేదాన్ని. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

మఠాధిపతి గెర్ట్రూడ్ చెల్లెలు, గాయకబృందాన్ని నడిపిన ఇంకో మెఖ్టిల్డ్ మాటల్ని సిస్టర్లు ఆమెకు తెలియకుండానే ఏళ్ల తరబడి రాశారు. తెలిశాక ఆమె ఎంతో కలత పడింది, తర్వాత ఒప్పుకుంది. ఐదేళ్ల వయసులో మఠానికి వచ్చిన మరో గెర్ట్రూడ్ 1289లో తన అనుభవాన్ని లాటిన్‌లో స్వయంగా రాయడం మొదలుపెట్టింది. ఆమె పేరు మీదున్న ఆ గ్రంథంలో మిగతా భాగాలు రాసిన సిస్టర్ పేరు మనకు దక్కలేదు.

మాగ్డెబర్గ్ మెఖ్టిల్డ్ రాసిన మూలప్రతీ దక్కలేదు. బాజెల్‌లో 14వ శతాబ్దంలో వేరే జర్మన్ మాండలికంలోకి మార్చుకున్న పాఠం ఒకటి 1861లో స్విట్జర్లాండ్‌లోని ఐన్సీడెల్న్ మఠంలో బయటపడింది. మనం చదివేది అదే.

"మహనీయులు", "అలౌకికం", "అద్భుతం" తీసెయ్యి. ఖాళీ అయిన చోట పేరు దక్కని ఆ సిస్టర్‌ను కూర్చోబెట్టు. కొత్త డ్రాఫ్ట్ కోసం ఎదురుచూస్తుంటాను.