పొట్ట మీద గాయం: లోపలికి దిగిందో లేదో డాక్టర్ రాయకపోతే ఏ కోడ్ వేయాలి?

మెడికల్ కోడింగ్‌లో, అంటే డాక్టర్ రాసిన చార్టుని బిల్లింగ్ కోడ్‌లుగా మార్చే పనిలో, మీరు అడిగిన చార్టులో ఉన్నది ఇంతే కదా: పొట్ట కుడివైపు కింది భాగంలో 6 సెంటీమీటర్ల లాసరేషన్ (చీరుకుపోయిన గాయం), కుట్లు వేశారు, ఇంటికి పంపేశారు. ఎస్31.113ఏ (లోపలికి దిగని గాయం) వేయాలా, ఎస్31.613ఏ (లోపలికి దిగిన గాయం) వేయాలా అని మీ టెన్షన్.

113ఏ వేయండి. పెరిటోనియంలోకి (పేగులుండే పొట్ట లోపలి ఖాళీలోకి) దిగిందన్న మాట చార్టులో లేకపోతే ఐసీడీ (జబ్బులు, గాయాల కోడ్‌ల జాబితా) ఇండెక్స్‌లో వచ్చేది చుక్క తర్వాత 1 ఉన్న ఆ వరసే, చుక్క తర్వాత 6 ఉన్నది డాక్టర్ దిగిందని రాస్తేనే. గాయం పెద్దది కదా, దిగే ఉంటుందిలే అని మనం ఊహించుకోకూడదు. కానీ అదే చార్టులో సీటీలో పొట్టలో గాలి కనిపించిందనో, ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లారనో ఉంటే మాత్రం ఆగి క్వెరీ (డాక్టర్‌కి రాసి అడిగే ప్రశ్న) పెట్టండి.

ఇది నాకు కోచింగ్‌లో బుర్రకెక్కలేదు. రెండేళ్ల కిందట గుంటూరు మిర్చి యార్డులో బస్తా లాగుతుంటే కొక్కెం జారి మా బాబాయికి పొట్ట మీద చీరుకుపోయింది. విజయవాడలో నైట్ షిఫ్ట్ మధ్యలోనే లేచి పరిగెత్తాను. డ్యూటీ డాక్టర్ మత్తు సూది ఇచ్చి, గాయం అంచులు వేళ్లతో విడదీసి, పచ్చటి కొవ్వు కింద తెల్లగా మెరుస్తున్న పొర (కండరాన్ని కప్పే ఫేషియా) దాకా చూసి, ‘ఫేషియా బాగానే ఉందమ్మా, లోపలికి పోలేదు’ అని నర్సుతో అన్నాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. తీరా చేతికిచ్చిన కాగితంలో ‘గాయం, 7 కుట్లు’ అని మాత్రమే ఉంది. బొడ్డుకి ఎంత దూరం, పొడవెంత, లోతెంత, ఏదీ లేదు. ఆయన చూశాడు, చెప్పాడు, రాయలేదంతే. అప్పటి నుంచి ఏ చార్ట్ తెరిచినా ముందు ప్రొసీజర్ నోట్‌లో ఆ ఒక్క ముక్క కోసం వెతుకుతాను: ఫేషియా ఇంటాక్ట్ అనో, ఎక్స్‌ప్లోర్ చేశాం, ఫారిన్ బాడీ (గాయంలో ఇరుక్కున్న బయటి వస్తువు) లేదనో. గాజు ముక్క తీశామని ఉంటే మీ కోడ్ ఎస్31.123ఏ అయిపోతుంది.

పైగా ఆ కాగితం మీదున్న ఒకే ఒక్క అంకె, 7 కుట్లు, కోడర్‌కి దేనికీ పనికిరాదు. సీపీటీకి (చేసిన చికిత్సకి వేసే కోడ్‌కి) కావాల్సింది పొడవు, పొరలు. మీ 6 సెంటీమీటర్లకి మామూలుగా ఒకే పొర కుడితే 12002, చర్మం కింది కణజాలం కూడా విడిగా కుట్టామని రాసుంటే 12032. ఉత్త ‘కుట్లు వేశాం’ అని ఉంటే 12032 జోలికి పోకండి.

ఇంకో మాట, కొత్తలో నాకు ఆడిట్‌లో ఎర్రగీత పడింది దీనికే. పేషెంట్ కుట్లు తీయించుకోవడానికి వేరే ఆస్పత్రికి వచ్చాడు, అక్కడ మొదటిసారే కదా అని కోడ్ చివర ఏ వేశాను. ఏ అంటే మొదటి విజిట్ అని కాదండీ, గాయానికి అసలు చికిత్స జరుగుతున్నప్పుడు వేసేది. కుట్లు తీసేటప్పుడు అదే గాయం కోడ్‌కి చివర డి వేయాలి, జెడ్48.02 (కుట్లు తీయడానికి ఉన్న విడి కోడ్) కాదు.

క్వెరీ పెట్టాల్సి వస్తే ‘పెరిటోనియంలోకి దిగింది కదా’ అని అడగొద్దు, జవాబు మనమే నోట్లో పెట్టినట్టు అవుతుంది. గాయం ఏ పొర దాకా వెళ్లిందో రాయమని అడిగి, జవాబు వచ్చేదాకా చార్ట్ హోల్డ్‌లో పెట్టండి, టార్గెట్ తగ్గిందని టీమ్ లీడ్ గొణిగినా సరే.