పరగడుపున షుగర్ 118 వచ్చింది, పరీక్షలు అయ్యేదాకా ఇంట్లో మిషన్‌తో ఎలా చూసుకోవాలి?

తమ్ముడూ, మహబూబ్‌నగర్‌లో క్యాంపులో పరగడుపున 118 వచ్చిందని, డాక్టర్ గారు రక్తపరీక్షలు రాసి పది రోజులకు రమ్మన్నారని, ఈలోగా షుగర్ చూసే మిషన్ కొని రోజుకు ఎనిమిది తొమ్మిది సార్లు గుచ్చుకుంటున్నానని రాశారు. నిమిషం తేడాతో 131, 117 వచ్చాయట. ఏది నిజం, షుగర్ ఉన్నట్టా లేనట్టా, అన్నం మానేయాలా అని అడిగారు. రెండేళ్ల కింద నేనూ ఇలాంటి పది రోజులే గడిపాను. మాది హాలియా దగ్గర ఊరు, బత్తాయి తోట ఉంది. మా అమ్మకు షుగర్ వల్లే కాలి వేలు తీసేశారు. తెర మీద అంకె పడేదాకా ఆ ఐదు సెకన్లు ప్రాణం ఎలా కొట్టుకుంటుందో నాకు బాగా తెలుసు.

ముందు 131, 117 సంగతి. రెండింట్లో దేన్నీ తప్పనలేం. షుగర్ 100 దాటాక ఇంటి మిషన్ 15 శాతం అటూ ఇటూ చూపినా ప్రమాణం ఒప్పుకుంటుంది. రక్తంలో ఉన్నది 124 అనుకోండి, 106 చూపినా 142 చూపినా అది మంచి మిషనే. మీ టెన్షన్ అంతా 100కూ 126కూ మధ్యలో ఉంది. అంత సన్నని తేడా తేల్చడం మిషన్ వల్ల కాదు, ల్యాబ్‌లో నరం నుంచి తీసిన రక్తంతోనే తేలాలి. పరగడుపున 100 నుంచి 125 దాకా బార్డర్, 126 నుంచి షుగర్. మూడు నెలల షుగర్ టెస్టులో (HbA1c) 5.7 నుంచి 6.4 దాకా బార్డర్, 6.5 నుంచి షుగర్. పెద్ద లక్షణాలేమీ లేనివాళ్లకు ఒక్క అంకె చూసి షుగర్ అని చెప్పరు, రెండు ఫలితాలు హద్దు దాటాలి. అంటే క్యాంపులో వచ్చిన 118తో మీకు షుగర్ అని ఎవరూ అనలేదు. అలాగని వదిలేసే అంకె కూడా కాదది.

చేతులు కడుక్కోవడం గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్తాను, నా గుండె ఆగినంత పనైంది కాబట్టి. కోత రోజులు. మధ్యాహ్నం తిని, కాయలు ఏరే దగ్గర కూర్చున్నాను. పిల్లాడు అడిగితే ఒక బత్తాయి ఒలిచి ఇచ్చాను. రెండు గంటలయిందని గుర్తొచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని గుచ్చుకున్నాను. 287! చెమటలు పట్టాయి. మా ఆయన నా చెయ్యి పట్టుకుని చూసి, "వేళ్లు జిగురు జిగురుగా ఉన్నయి, పోయి సబ్బుతో కడుక్కో" అన్నాడు. కడిగి, పొడిగుడ్డతో తుడుచుకుని, ఇంకో వేలికి గుచ్చితే 146. ఆ మిగతాదంతా గోటి సందున ఉన్న బత్తాయి రసం. స్పిరిట్ దూదితో తుడిస్తే సరిపోతుందనుకోకండి, తీపి పూర్తిగా పోదు. సబ్బు, నీళ్లు, పూర్తిగా ఆరిన వేలు. వేలి కొస మీద కాకుండా పక్కన గుచ్చండి, నొప్పి తక్కువ. రక్తం రాకపోతే చెయ్యి కిందికి వేలాడేసి కాసేపు ఆగండి, వేలు గట్టిగా పిండొద్దు.

స్ట్రిప్స్ డబ్బా మూత వెంటనే పెట్టాలి. చాలా వాటి మీద 30 డిగ్రీల లోపు ఉంచమని ఉంటుంది. మన దగ్గర ఎండలు తెలిసినవే, బండి డిక్కీలోనో కిటికీ దగ్గరో పెడితే స్ట్రిప్స్ పాడైపోతాయి. ఫ్రిజ్‌లోనూ వద్దు. ఇంట్లో నీడగా, చల్లగా ఉండే గదిలో అల్మారాలో పెట్టండి.

ఎనిమిది సార్లు అక్కర్లేదు. పొద్దున లేవగానే, చాయ్ కూడా తాగకముందు ఒకటి. ఒకరోజు టిఫిన్ తర్వాత, మరోరోజు మధ్యాహ్నం అన్నం తర్వాత, ఇంకోరోజు రాత్రి తిన్నాక ఇంకొకటి. తిన్న రెండు గంటలకు చూడాలి, ఆ రెండు గంటలు మొదటి ముద్ద నుంచి లెక్కపెట్టాలి, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. అంకె పక్కన ఏం తిన్నారో, నిద్ర పట్టిందో లేదో, జ్వరం ఉందో కూడా రాయండి. నా నోటుబుక్కులో ఒక పేజీ ఇలా ఉంది: "పరగడుపు 119. రాత్రి తొమ్మిదిన్నరకు తిన్న. నిద్ర లేదు." దాని కింద: "పెళ్లి. బగారన్నం, డబల్ కా మీఠా. రెండు గంటలకు 214." ఇంకో రోజు రెండు జొన్నరొట్టెలు, పప్పు తింటే 151.

ఇక నేను చేసిన తప్పు. అంకెలు చూసి బెదిరిపోయి, ఆరో రోజు నుంచి అన్నం పూర్తిగా మానేశాను. ఒక్క రొట్టె, ఇంత కూర. పరగడుపున 101, 98 రావడం మొదలైంది, గండం గడిచిందనుకున్నాను. డాక్టరమ్మ నోటుబుక్కు తిప్పుతూ ఆ పేజీ దగ్గర ఆగి, "ఇక్కడ ఏమైంది? రోజూ ఇట్లనే తింటవా?" అని అడిగింది. నిజం చెప్పాను. "నాకు పనికొచ్చేవి ముందు ఐదు రోజులవే" అంది. మూడు నెలల టెస్టు 6.8 వచ్చింది, నాలుగు రోజుల కడుపు కాల్చుకోవడం దాన్ని ఏమీ మార్చలేదు. అందుకే అన్నం ఇప్పుడే మానేయకండి, రోజూ తినేదే తినండి. గ్లూకోజు తాగించి చేసే పరీక్ష రాసి ఉంటే ఇది మరీ ముఖ్యం, దానికి ముందు మూడు రోజులు మామూలుగా తినకపోతే ఫలితం తేడాగా రావచ్చు. కూల్‌డ్రింకులు మానితే మాత్రం మంచిదే.

ఇంట్లో ఎవరివో షుగర్ గోళీలు ఉంటే ముట్టుకోవద్దు. మా ఆడబిడ్డ ప్రేమతోనే తన గ్లిమెపిరైడ్ సగం వేసుకోమంది. షుగర్ లేనివాళ్లు అది వేసుకుంటే షుగర్ పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. కాకరరసం, పొడపత్రి పొడి లాంటివి కూడా పరీక్షలు అయ్యేదాకా ఆపండి. మోకాళ్ల నొప్పులకో ఆయాసానికో ఈమధ్య ఊళ్లో సూదులు వేయించుకున్నారా? అందులో స్టెరాయిడ్ ఉంటే షుగర్ పెరుగుతుంది, డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. రక్తం తక్కువుందన్నా చెప్పండి, మూడు నెలల టెస్టు దానివల్ల కూడా అటూ ఇటూ అవుతుంది.

కొన్నిటికి పది రోజులు ఆగకూడదు. విపరీతమైన దాహం, రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రం, ఉన్నట్టుండి బరువు తగ్గడం కనిపిస్తే రేపే వెళ్లండి. మిషన్ మళ్లీ మళ్లీ 300 చూపిస్తున్నా, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మత్తు ఉన్నా ఆ గంటలోనే ఆసుపత్రికి పోవాలి.

పరీక్షలకు డబ్బు ఇబ్బందైతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. అక్కడ తీసిన రక్తాన్ని జిల్లా కేంద్రంలోని తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కు పంపి ఉచితంగా చేస్తారు. మా ఊళ్లో నన్ను అటు పంపింది ఆశా అమ్మాయే.

పరీక్ష రోజు మిషన్ కూడా వెంట పట్టుకెళ్లండి. ల్యాబ్‌లో పరగడుపున రక్తం తీసిన వెంటనే మీ మిషన్‌తోనూ చూసి, ఆ అంకె రాసి పెట్టుకోండి. నాకు మిషన్‌లో 121, ల్యాబ్‌లో 129 వచ్చింది. ఇప్పటికీ పొద్దున మిషన్ చూసేటప్పుడు ఆ తేడా మనసులో పెట్టుకునే చూస్తాను.