గొంతు నొప్పి: ఉప్పెంత, నీళ్ళెంత?

ప్రశ్న: గొంతు నొప్పికి రెండు రోజులుగా గ్లాసు వేడినీళ్ళలో రెండు టీస్పూన్ల ఉప్పు వేసి పుక్కిలిస్తున్నాను. తగ్గకపోగా గొంతు ఎండుకుపోయి మండుతోంది. ఎందుకని?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఉప్పు ఎక్కువైంది. పావు లీటరు నీళ్ళకు మెత్తని ఉప్పు అర టీస్పూను, అంటే సుమారు 3 గ్రాములు చాలు. ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. అర టీస్పూనుతో మన నీళ్ళు లీటరుకు 12 గ్రాముల లెక్కకు వస్తాయి. ఆ కాస్త తేడాకే వాచిన పొరలోని నీరు కొంత బయటికి వస్తుంది, జిగురుగా పట్టిన కఫం వదులవుతుంది. మీ గ్లాసు పావు లీటరుదైతే, మీరు వేస్తున్నది లీటరుకు 48 గ్రాముల లెక్క. సముద్రపు నీళ్ళలోనే 35 ఉంటుంది! ఇక గొంతు మండక ఏం చేస్తుంది?

మన ఇళ్ళలో గ్లాసులు రకరకాలు. మీ గ్లాసులో ఎన్ని నీళ్ళు పడతాయో లీటరు సీసాతో ఒక్కసారి కొలిచి చూసుకోండి. గళ్ళుప్పు అయితే వేడినీళ్ళలో పూర్తిగా కరగనిచ్చి, అడుగున మడ్డి ఉంటే పైనీళ్ళు వంచుకోండి. గోరువెచ్చగా అయ్యాకే వాడాలి. మణికట్టు లోపలివైపు నాలుగు చుక్కలు వేసుకుంటే చురుక్కుమనకూడదు.

చాలామంది నీళ్ళు బుగ్గల్లో ఆడించి ఉమ్మేస్తారు. దానివల్ల నోరు శుభ్రపడుతుంది గానీ నీళ్ళు గొంతుదాకా వెళ్ళవు. ఒక గుక్క తీసుకుని, తల వెనక్కి వాల్చి, ‘ఆ…’ అంటూ 15 నుంచి 30 సెకన్లు గరగరలాడించండి. లోపలి నుంచి వచ్చే గాలే నీళ్ళను కిందికి జారనివ్వదు. ఊపిరి అయిపోతుందనగానే తల దించి ఉమ్మేయాలి, లేదంటే పొలమారుతుంది. గ్లాసు అయ్యేదాకా ఇలాగే చేయాలి. రోజుకు మూడు నాలుగు సార్లు చాలు. అన్నం తిన్న వెంటనే మాత్రం వద్దు, డోకు వస్తుంది.

దీంతో కలిగేది ఉపశమనమే, క్రిములు చచ్చిపోవు. 2005లో జపాన్‌లో 387 మందిపై జరిపిన పరిశోధనలో, మామూలు నీళ్ళతో రోజూ పుక్కిలించినవాళ్ళకు జలుబులు తగ్గాయి. అయోడిన్ మందునీళ్ళు వాడినవాళ్ళలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి ఘాటు పెంచితే గుణం పెరుగుతుందనుకోకండి.

ప్రశ్న: మా అమ్మగారికి బీపీ ఉంది. మా బాబుకు నాలుగేళ్ళు. ఇద్దరికీ గొంతు నొప్పే. పుక్కిలించవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అమ్మగారు పుక్కిలించవచ్చు, మింగకూడదంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములలోపే ఉప్పు తినమంటోంది. ఈ ఒక్క గ్లాసులోనే 3 గ్రాములుంది.

బాబుకు వద్దు. ఆరేళ్ళు దాటేదాకా చాలామంది పిల్లలకు పుక్కిలించడం చేతకాదు, మింగేస్తారు. గోరువెచ్చని నీళ్ళు, పల్చని చారు గుక్కగుక్కగా పట్టండి. పడుకోబోయే ముందు అర టీస్పూను తేనె నాకించవచ్చు. ఏడాది నిండని పసివాళ్ళకు మాత్రం తేనె అసలు పెట్టకూడదు.

దగ్గు, జలుబు లేకుండా జ్వరంతో గొంతు నొప్పి వచ్చి, టాన్సిల్స్‌పై తెల్లని చీము మచ్చలు కనిపిస్తే, మెడలో బిళ్ళలు కడితే పుక్కిలిస్తూ కూర్చోకండి, డాక్టరుకు చూపించండి. అది స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల అయితే యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వాడాలి. నిర్లక్ష్యం చేస్తే కొందరు పిల్లల్లో రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి. నోరు తెరవలేకపోతున్నా, ఉమ్మి కూడా మింగలేక చొంగ కారుతున్నా, ఊపిరి పీల్చడం కష్టమవుతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.